లిస్టులో ఉంది, ఊళ్లో లేదు: మన ప్రకృతి వ్యవసాయ అడ్రసుల జాబితాని బాగుచేసుకుందాం

ఈసారి వీడియోలో పొలం లేదు, ఆవు లేదు, కషాయం డ్రమ్ము లేదు. ఒక గూగుల్ షీట్ తెరిచి, అందులో అడ్రసులు ఎలా సరిచేయాలో చూపించాను. ఇదేం వ్యవసాయం అని కొందరు అనుకుంటారు. కానీ కషాయాల దుకాణం, విత్తనం ఇచ్చే రైతు, గానుగ, చిరుధాన్యాల మిల్లు ఎక్కడున్నాయో సరిగ్గా తెలియకపోతే, మనం నేర్చుకున్న పద్ధతి ఎంత మంచిదైనా సమయానికి అక్కరకి రాదు. వీడియోలో చెప్పడానికి టైం చాలనివన్నీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

లిస్టులకి కొరత లేదు, నమ్మకానికే కొరత

మీ ఫోన్‌లో ఒకసారి వెతకండి. "ప్రకృతి వ్యవసాయ ఉత్పత్తులు దొరికే చోట్లు", "దేశీ విత్తనాల రైతులు", "జిల్లాలవారీగా కషాయాల దుకాణాలు" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిన పీడీఎఫ్‌లు, ఎక్సెల్ ఫైళ్లు కనీసం రెండు మూడు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని తెరిచి వరసగా పది నంబర్లకి ఫోన్ చేయండి. ఎన్ని కలుస్తాయో, ఎంతమంది "అవునండీ, మా దగ్గర ఉంది" అంటారో మీకే తెలుస్తుంది.

ముందు ముందు ఈ లిస్టులు ఇంకా పెరుగుతాయి. కేంద్రం 2024 నవంబర్‌లో ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌లో దేశం మొత్తం మీద 15,000 క్లస్టర్లు, కోటి మంది రైతులు, 10,000 బయో ఇన్‌పుట్ రిసోర్స్ సెంటర్లు లక్ష్యంగా పెట్టుకున్నారు. పదివేల సెంటర్లంటే పదివేల అడ్రసులు, పదివేల ఫోన్ నంబర్లు, పదివేల మ్యాప్ గుర్తులు. ఇవికాక మన రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, మహిళా సంఘాలు, గ్రూపులు ఎవరికి వారు తయారుచేసుకునే జాబితాలు. వీటిని రాసుకునే పద్ధతి ఇప్పుడే సరిచేసుకోకపోతే, పెద్ద లిస్టు అంటే పెద్ద చెత్తకుప్పే అవుతుంది.

తప్పు అడ్రస్ ఖరీదు ఎంత?

రసాయన మందుల దుకాణం ప్రతి మండల కేంద్రంలో, ఒక్కోచోట ఒకే వీధిలో నాలుగు ఉంటాయి. ఒకటి మూసి ఉంటే పక్క దుకాణానికి వెళ్తారు. మన దుకాణాలు అలా కాదు. ఒకటి మూసి ఉంటే రెండోది 30 కిలోమీటర్ల అవతల ఉండొచ్చు.

మిరపలో తామర పురుగు కనబడిన రైతుని ఊహించుకోండి. సొంతంగా కషాయం కాచుకునే వీలు లేదు, లిస్టు చూసి బండి వేసుకుని బయల్దేరాడు. అక్కడికి వెళ్తే షట్టర్ దించి ఉంది, పక్కవాళ్లు "అది ఎత్తేసి ఏడాది అయింది" అన్నారు. పెట్రోలు, సగం రోజు పోయాయి. అసలు నష్టం అది కాదు. తిరిగొచ్చే దారిలోనే మందుల దుకాణం ఉంది. కొత్తగా మారిన రైతు అక్కడ ఆగిపోతాడు. ఒకసారి ఆగాక మళ్లీ మన లిస్టు తెరవడు.

కొనుగోలుదారు వైపు కూడా ఇంతే. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో ఒకాయన రెండు టన్నుల మామిడి కోసం లిస్టులో ఉన్న ఐదుగురికి ఫోన్ చేస్తాడు. రెండు నంబర్లు పనిచేయవు, ఒకటి ఇంకెవరిదో, ఒకాయన "నేను ప్రకృతి వ్యవసాయం మానేశానండీ" అంటాడు. మిగిలిన ఒక్క నిజమైన రైతుని కూడా ఆ కొనేవాడు అనుమానంగానే చూస్తాడు. ప్రకృతి వ్యవసాయంలో మనం అమ్మేది పంటతో పాటు నమ్మకాన్ని కూడా. ఆ నమ్మకం లిస్టు దగ్గరే తెగిపోతోంది.

నా సంగతే చెప్తాను. మాది పల్నాడు జిల్లాలో చిన్న గానుగ యూనిట్. మొదట ఊళ్లో ఒక షెడ్డులో పెట్టి, తర్వాత సత్తెనపల్లి రోడ్డు మీదకి మార్చాం. మార్చిన వారంలోనే మమ్మల్ని లిస్టులో పెట్టుకున్న వాళ్లందరికీ కొత్త లొకేషన్ పంపాను. ఇప్పటికీ ఒక జాబితాలో పాత షెడ్డే ఉంది, ఇంకో జాబితాలో రెండూ ఉన్నాయి, మూడో దాంట్లో గుంటూరు జిల్లా అని ఉంది. సరిచేయమంటే "ఆ ఫైల్ ఎవరు చేశారో మాకు తెలీదండీ, మాకూ ఫార్వర్డ్‌లోనే వచ్చింది" అన్నారు. ఈ ఒక్క మాటలోనే అసలు రోగం ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

జాబితా ఎక్కడెక్కడ కుళ్లుతుంది?

ఒకటి, పేర్లు. కొత్తపల్లి అని తెలుగులో రాస్తే ఒక్కటే. ఇంగ్లీషులో రాస్తే "టీ" ఒకటా రెండా, పక్కన "హెచ్" ఉండాలా, చివర "ఐ" పెట్టాలా "వై" పెట్టాలా "ఈ" పెట్టాలా అని ఒక్కొక్కరిది ఒక్కో తీరు. కంప్యూటర్‌కి అవన్నీ వేరు వేరు ఊళ్లు. దీనికి రివర్స్ కూడా ఉంది: వెంకటాపురం, రామాపురం, కొత్తపల్లి అనే పేర్లు ఒక్కటి కాదు, జిల్లా జిల్లాకీ ఉన్నాయి. పేరొకటే, ఊళ్లు వేరు. అలాగే దుకాణం పేరు ఒకచోట, యజమాని పేరు ఇంకోచోట, సంఘం పేరు మరోచోట రాస్తే ఒకే దుకాణం మూడు వరుసల్లో కూర్చుంటుంది.

రెండు, జిల్లాలు. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండగా, వరంగల్ రూరల్ పేరు వరంగల్‌గా మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. చీరాల ప్రకాశం నుంచి బాపట్లలోకి వచ్చింది, సత్తెనపల్లి గుంటూరు నుంచి పల్నాడులోకి వచ్చింది. పాత ఫైళ్లలో పాత జిల్లాలే ఉన్నాయి. బాపట్ల అని ఫిల్టర్ పెట్టిన వాళ్లకి పాత ఫైల్లో చీరాల దుకాణం కనపడదు. దుకాణం కదల్లేదు, జిల్లా కదిలింది.

మూడు, మ్యాప్ గుర్తు. "లొకేషన్ పెట్టండన్నా" అంటే చాలామంది వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెడతారు. అది ఎక్కువలో ఎక్కువ 8 గంటలు పనిచేస్తుంది, ఆ తర్వాత అయిపోయినట్టే. ఇంకొందరు ప్రస్తుత లొకేషన్ పెడతారు. అది దుకాణం ఉన్న చోటు కాదు, ఆ సమయానికి ఫోన్ ఉన్న చోటు. బస్సులో ఉండి పెడితే గుర్తు హైవే మీద పడుతుంది. ఇక అంకెలు టైప్ చేసేటప్పుడు అక్షాంశం, రేఖాంశం తారుమారు అయితే మరీ విచిత్రం. సత్తెనపల్లి సుమారుగా 16.4 అక్షాంశం, 80.1 రేఖాంశం మీద ఉంది. వీటిని అటూ ఇటూ చేస్తే గుర్తు నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర ఆర్కిటిక్ సముద్రంలో పడుతుంది. వీడియోలో చేసి చూపించాను, చూడండి.

నాలుగు, ఫోన్ నంబర్లు. వాడకుండా వదిలేసిన మొబైల్ నంబర్‌ని కంపెనీలు 90 రోజులు దాటాక ఇంకొకరికి ఇవ్వొచ్చు. అంటే మన లిస్టులో ఉన్న నంబర్ ఇప్పుడు సంబంధం లేని మనిషి చేతిలో ఉండొచ్చు. పాపం ఆ మనిషికి రోజూ "ఘనజీవామృతం ఉందా" అని ఫోన్లు. ఇంకో గొడవ ఎక్సెల్‌ది. ముందు 91 కలిపి 12 అంకెలు రాస్తే ఎక్సెల్ దాన్ని పెద్ద సంఖ్య అనుకుని కుదించి, మధ్యలో చుక్క, "ఈ" అక్షరం పెట్టి చూపిస్తుంది. దాన్ని అలాగే కాపీ చేస్తే అసలు నంబర్ పోయినట్టే.

ఐదు, మూతపడినవి. కొత్తవి ఎక్కించడానికి అందరికీ ఉత్సాహమే. మూతపడింది అని రాయడానికి ఎవరికీ మనసు రాదు. మనవాళ్లే కదా, మళ్లీ తెరుస్తారేమో అని ఊరుకుంటాం. అలా జాబితా పెరుగుతూనే ఉంటుంది, పనికొచ్చేవి తగ్గుతూ ఉంటాయి.

అసలు రోగం టైపింగ్ తప్పులు కాదు

పైన చెప్పినవన్నీ ఆకు మీద కనిపించే మచ్చలు. వేరు దగ్గరున్న రోగం వేరు. ఫైల్ ఫార్వర్డ్ అయిన ప్రతిసారీ ఒక కొత్త కాపీ పుడుతుంది. ఆ కాపీకి యజమాని ఉండడు. తప్పు దొరికితే దొరికినవాళ్లు తమ కాపీలో దిద్దుకుంటారు, మిగతా వంద కాపీల్లో తప్పు అలాగే ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత ఎవరో రెండు కాపీలు కలిపి "అప్‌డేట్ చేసిన లిస్టు" అని పంపుతారు. దిద్దినదీ దిద్దనిదీ రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి.

కాబట్టి జాబితా బాగుపడాలంటే మూడు కావాలి: ప్రతి చోటుకీ మారని ఒక నంబర్, ప్రతి వరుసకీ బాధ్యత వహించే ఒక మనిషి, ప్రతి వివరం ఎప్పుడు సరిచూశారో చెప్పే ఒక తేదీ. మిగతావన్నీ వీటి తర్వాతే.

పశువు చెవి ట్యాగ్ లాంటి నంబర్

మన ఆవులకి చెవిలో పసుపు ట్యాగ్ వేస్తారు కదా, 12 అంకెల నంబర్ ఉంటుంది. ఆవు పేరు లక్ష్మి కావొచ్చు, గౌరి కావొచ్చు. అమ్మేస్తే యజమాని మారతాడు, ఊరు మారుతుంది. నంబర్ మారదు. టీకా వేసినా, ఇన్సూరెన్స్ చేసినా ఆ నంబర్ మీదే రాస్తారు. మన దుకాణాలకీ అలాంటిదే కావాలి.

పెద్ద వ్యాపారాల్లో ఇది ఎప్పటినుంచో ఉంది. సరుకుల మీద బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే జీఎస్1 సంస్థే గోడౌన్లకి, దుకాణాలకి, ఫ్యాక్టరీలకి కూడా 13 అంకెల గ్లోబల్ లొకేషన్ నంబర్ ఇస్తుంది. మనకి అంత అక్కర్లేదు. 0001 నుంచి మొదలుపెట్టి వరసగా వేసుకుంటే చాలు. రెండు నియమాలు మాత్రం తప్పకూడదు.

ఒకటి: నంబర్లో జిల్లా పేరు, పంట పేరు లాంటి అర్థం ఏదీ దూర్చొద్దు. "గుంటూరు 12" అని పెట్టుకున్న వాళ్లు 2022 తర్వాత ఏం చేయాలి? అర్థం లేని నంబర్ మార్చాల్సిన పని రాదు.

రెండు: మూతపడిన చోటు నంబర్‌ని ఇంకొకరికి ఇవ్వొద్దు, వరుసని చెరిపేయొద్దు. "శాశ్వతంగా మూత" అని రాసి అలాగే ఉంచండి. చెరిపేస్తే రేపు ఎవరో పాత కాపీ చూసి "అరె, ఇది మన లిస్టులో లేదే" అని మళ్లీ ఎక్కిస్తారు. మూత అని రాసి ఉంటే ఆ పని జరగదు.

ఎవరు, ఎక్కడ: ఈ రెండూ వేరు

ఇది కొంచెం జాగ్రత్తగా చదవండి, ఎక్కువ గందరగోళం ఇక్కడే. ఒక సంఘానికి రెండు ఊళ్లలో రెండు దుకాణాలు ఉండొచ్చు. ఒకే షెడ్డులో పగలు కషాయాల అమ్మకం, ఆదివారం కూరగాయల సంత జరగొచ్చు. మనిషినీ చోటునీ ఒకే వరుసలో కుక్కితే ఏది మారినా అంతా చెడుతుంది. అందుకే షీట్‌లో రెండు పేజీలు పెట్టండి. ఒక పేజీలో "ఎవరు": రైతు, సంఘం, యూనిట్. రెండో పేజీలో "ఎక్కడ": చోటు, మ్యాప్ గుర్తు, పిన్‌కోడ్. రెండో పేజీలోని ప్రతి చోటు ఎదురుగా ఇది ఎవరిదో వాళ్ల నంబర్ రాయాలి. యూనిట్ ఇంకో చోటికి మారితే "ఎవరు" నంబర్ అదే ఉంటుంది. పాత చోటు ఎదురుగా "మూత, కొత్త చోటు 0047 చూడండి" అని రాసి, కొత్త చోటుకి కొత్త వరుస వేయాలి.

"జీఎస్టీ నంబర్ ఉంది కదా, అదే వాడుకోవచ్చుగా" అని అడుగుతారు. జీఎస్టీ నంబర్ 15 అక్షరాలది, మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. కానీ ఒకే రాష్ట్రంలో నాలుగు చోట్ల దుకాణాలున్నా సాధారణంగా ఒకే జీఎస్టీ నంబర్ కింద అదనపు వ్యాపార స్థలాలుగా చూపిస్తారు. అంటే అది "ఎవరు" అనేది చెప్తుంది, "ఎక్కడ" అనేది చెప్పదు. పైగా మన చిన్న రైతుల్లో చాలామందికి జీఎస్టీ ఉండదు. ఆహార పదార్థాలు అమ్మేవాళ్లకి ఉండే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ 14 అంకెలది. అది చోటుకి ఒకటి చొప్పున ఇస్తారు కాబట్టి గానుగలకి, మిల్లులకి పోల్చుకోవడానికి బాగా పనికొస్తుంది. కషాయాల దుకాణానికి అది ఉండదు. కాబట్టి ఈ రెండింటినీ పక్క వివరాలుగా రాసుకోండి, అసలు నంబర్ మాత్రం మనదే ఉండాలి.

ఊరు, జిల్లా, గుర్తు రాసే తీరు

ఊరి పేరు ఎవరికి వారు టైప్ చేయొద్దు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో దేశంలోని ప్రతి జిల్లాకీ, మండలానికీ, ఊరికీ ఒక కోడ్ ఉంది. మీ ప్రాంతంలోని ఊళ్లు, వాటి కోడ్లు ఒకసారి షీట్‌లోకి తెచ్చుకుని డ్రాప్‌డౌన్‌గా పెట్టండి. ఊరు ఎంచుకుంటే మండలం, జిల్లా వాటంతట అవే పడేలా చేయొచ్చు. రేపు జిల్లా మారినా ఒక్కచోట మారిస్తే అన్ని వరుసల్లోనూ మారుతుంది.

పిన్‌కోడ్ తప్పకుండా రాయండి. 1972 నుంచి ఉన్న ఆరంకెల కోడ్ అది, జిల్లా పేరు మారినా దానికి సంబంధం లేదు. మన రెండు రాష్ట్రాల్లో 5తో మొదలవుతుంది. 5తో మొదలవకపోతే, ఆరంకెలు లేకపోతే ఆ గడి ఎర్రగా మారేలా షీట్‌లో పెట్టుకోవచ్చు. ఒక పిన్‌కోడ్ కింద చాలా ఊళ్లు ఉంటాయి కాబట్టి అదొక్కటే చాలదు.

మ్యాప్ గుర్తు కోసం దుకాణం గుమ్మం దగ్గర నిలబడి గూగుల్ మ్యాప్స్‌లో నీలం చుక్క మీద వేలు నొక్కిపట్టి, వచ్చిన అంకెలు రాసుకోండి. చుక్క తర్వాత ఐదు అంకెలు ఉంటే సుమారు ఒక మీటరు తేడాలో ఉంటుంది. రెండే అంకెలు రాస్తే కిలోమీటరు దాకా తేడా వస్తుంది, అంటే ఊరు మారిపోవచ్చు. మన రెండు రాష్ట్రాల్లో అక్షాంశం 12కీ 20కీ మధ్య, రేఖాంశం 76కీ 85కీ మధ్య ఉండాలి. ఈ ఒక్క చెక్ పెట్టుకుంటే ఆర్కిటిక్‌కి వెళ్లిన దుకాణాలన్నీ వెనక్కి వస్తాయి.

తపాలా శాఖ 2025లో డిజిపిన్ అని తెచ్చింది. దేశం మొత్తాన్ని సుమారు 4 మీటర్ల గడులుగా విభజించి ఒక్కో గడికి 10 అక్షరాల కోడ్ ఇస్తుంది. ఇంటి నంబర్, వీధి పేరు లేని పొలాలకి, షెడ్లకి ఇది పనికొచ్చే వస్తువే. అయితే వచ్చేవాళ్లకి ఇవేవీ అలవాటు లేకపోవచ్చు. "రామాలయం దాటాక ఎడమ చేతి వైపు, వేపచెట్టు కింద పచ్చ షట్టర్" అని ఒక గడిలో తెలుగులో రాయండి. చివరి వంద గజాలు ఆ వాక్యమే చేరుస్తుంది.

ఏ వివరం ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది?

జీవామృతం వారంలోపు వాడేయాలి. అగ్నిఅస్త్రం మూడు నెలల దాకా ఉంచుకోవచ్చు. ఘనజీవామృతం ఆరు నెలలు నిల్వ ఉంటుంది. అన్నిటినీ ఒకే రోజు చేసి ఒకేలా నిల్వ పెట్టం కదా. సమాచారం కూడా అంతే.

చోటు నంబర్ ఎప్పటికీ ఉంటుంది. మ్యాప్ గుర్తు, పిన్‌కోడ్ ఏడాదికోసారి చూస్తే చాలు. ఫోన్ నంబర్, నడుస్తోందా లేదా అన్నది సీజన్ మొదట్లో, అంటే ఖరీఫ్ ముందు ఒకసారి, రబీ ముందు ఒకసారి చూడాలి. ధృవీకరణ ఉంటే దాని గడువు తేదీ వేరే గడిలో ఉండాలి. కనీసం ఐదుగురు రైతులు గ్రూపుగా చేసుకునే పీజీఎస్ అయినా ఇంకేదైనా సరే, గడువు దాటిన సర్టిఫికెట్‌ని "ఉంది" అని చూపించడం కొనేవాళ్లని మోసం చేసినట్టే.

ఇక సరుకు ఎంత ఉంది, ధర ఎంత అన్నవి. ఇవి వారానికీ రోజుకీ మారేవి. వీటిని ఈ జాబితాలో అసలు పెట్టొద్దు. "జీవామృతం 200 లీటర్లు ఉంది" అని మార్చిలో రాసింది జూన్‌లో చదివితే ఏం లాభం? జాబితా పని ఎక్కడ, ఎవరు, ఏ నంబర్ అని చెప్పడం వరకే. ఉందా లేదా అన్నది ఫోన్ చేసి కనుక్కోవాలి, లేదా గ్రూపులో అడగాలి. చాలా లిస్టులు చెడిపోవడానికి కారణం ఇదే: త్వరగా చెడేదాన్ని, నిల్వ ఉండేదాన్ని ఒకే డ్రమ్ములో పోశారు.

ఒక వరుసకి ఒక మనిషి

ఫైల్ పంపొద్దు, లింక్ పంపండి. అందరికీ చూసే హక్కు, ఇద్దరు ముగ్గురికే దిద్దే హక్కు ఇవ్వండి. తప్పు కనిపించినవాళ్లు రాయడానికి ఒక గూగుల్ ఫారం పెట్టండి: చోటు నంబర్, ఏది తప్పు, సరైనది ఏది, చెప్పినవాళ్లెవరు. ఈ నాలుగు ప్రశ్నలు చాలు.

ప్రతి చోటుకీ ఒక "సరిచూసే మనిషి" ఉండాలి. అది దుకాణం యజమాని కాకుండా పక్క ఊరి రైతు అయితే మంచిది. పీజీఎస్‌లో ఒకరి పొలం ఇంకొకరు చూసి వస్తాం కదా, ఇదీ అలాంటిదే. యజమాని మూతపడిందని చెప్పడానికి మొహమాటపడతాడు, పక్కవాళ్లు పడరు. ఒక్కొక్కరికీ ఐదారు చోట్లకంటే ఎక్కువ అప్పగించొద్దు. సీజన్‌కి ఒకసారి ఐదు ఫోన్లు చేయడానికి ఎవరికైనా అరగంట చాలు. ఒక్కరి మీదే 60 చోట్లు పడితే ఫోన్‌కి మూడు నిమిషాలు చొప్పున మూడు గంటలు, ఎత్తనివాళ్లకి మళ్లీ చేయడం వేరే. రెండో సీజన్‌కే ఆ మనిషి మానేస్తాడు.

పాత లిస్టుని శుభ్రం చేసే క్రమం

ముందు అసలు ఫైల్‌ని ముట్టుకోకుండా పక్కన పెట్టి, ఒక కాపీ మీద పని చేయండి. ఫోన్, పిన్‌కోడ్, లైసెన్స్ నంబర్ల గడులన్నీ ప్లెయిన్ టెక్స్ట్‌గా మార్చండి. ఫోన్ నంబర్లన్నీ ముందు 0, 91 తీసేసి 10 అంకెలకి తీసుకురండి. తర్వాత కౌంటిఫ్ ఫార్ములాతో ఒకే ఫోన్ రెండుసార్లు వచ్చిన వరుసలు పట్టుకోండి. డబుల్ ఎంట్రీలలో చాలావరకు ఇక్కడే దొరుకుతాయి, ఎందుకంటే పేరు పదిరకాలుగా రాస్తారు గానీ ఫోన్ నంబర్ ఒకేలా రాస్తారు.

అయితే ఫోన్ ఒకటే అని వెంటనే కలిపేయొద్దు. ఒకే మనిషికి రెండు చోట్లు ఉండొచ్చు. మ్యాప్ గుర్తులు కూడా దగ్గరగా ఉంటేనే కలపండి. అనుమానం ఉంటే ఫోన్ చేసి అడగండి. కలిపినప్పుడు ముందు వేసిన నంబర్ ఉంచి, రెండోదాని ఎదురుగా "0012లో కలిసింది" అని రాయండి.

చివరగా అందరికీ ఫోన్లు. మూడే ప్రశ్నలు: నడుస్తోందా? ఈ చోటేనా? ఈ వివరాలు అందరికీ కనిపించేలా పెట్టొచ్చా? రెండు వేర్వేరు రోజుల్లో చేసినా ఎత్తకపోతే "సరిచూడలేదు" అని రాయండి. "నడుస్తోంది" అని మాత్రం రాయొద్దు.

మూడో ప్రశ్న చిన్నది అనుకోవద్దు. మన రైతుల్లో చాలామందికి ఇల్లే దుకాణం. ఇంటి గుర్తు, ఆడవాళ్ల ఫోన్ నంబర్ వాళ్లని అడక్కుండా ఊరంతా తిప్పడం మంచిది కాదు. వ్యక్తిగత సమాచారం మీద 2023లో చట్టం కూడా వచ్చింది. ఒప్పుకోనివాళ్లకి ఊరి పేరు వరకే చూపించి, సంఘం నంబర్ ఇవ్వండి.

గూగుల్ మ్యాప్స్ ఉండగా ఇదెందుకు?

మ్యాప్స్ కూడా వాడుకోవాలి, తప్పులేదు. మీ యూనిట్ అక్కడ మీ పేరు మీద క్లెయిమ్ చేసుకోండి. మూతపడినవి, డబుల్ ఉన్నవి కనిపిస్తే ఎడిట్ సూచించే ఆప్షన్‌లో చెప్పండి. కానీ అక్కడ "ఆర్గానిక్" అని బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లూ ఒకటే. ఎవరు నిజంగా ప్రకృతి వ్యవసాయం చేస్తున్నారు, ఎవరు మానేశారు, ఎవరి దగ్గర సీజన్‌లోనే దొరుకుతుంది అన్నది పక్క ఊరి రైతుకి తెలుస్తుంది, మ్యాప్‌కి తెలీదు. మన జాబితాకి ఉన్న విలువ అదే. అది కూడా సరిగ్గా లేకపోతే మ్యాపే మేలు.

వంద చోట్ల లిస్టు కంటే ఈ సీజన్‌లో సరిచూసిన ఇరవై చోట్ల లిస్టు రైతుకి ఎక్కువ పనికొస్తుంది. మొత్తం జిల్లా మీద ఒకేసారి పడొద్దు. మీ మండలం వరకే మొదలుపెట్టండి. ఈ వారం మీ చుట్టుపక్కల ఐదు చోట్లకి ఫోన్ చేసి, "సరిచూసిన తేదీ" అని ఒక గడి కలిపి అందులో ఆ రోజు తేదీ వేయండి. మేం వాడే ఖాళీ షీట్ నమూనా వీడియో కింద ఉంది, కాపీ చేసుకుని మీ ఊళ్లు పెట్టుకోండి. వాడాక ఏ గడి అక్కర్లేదనిపించిందో, ఏది తక్కువైందో రాయండి. తర్వాత వీడియోలో ఊరి కోడ్లతో డ్రాప్‌డౌన్ ఎలా పెట్టాలో చూపిస్తాను.